పేలని తుపాకికి పడిన దుప్పి

తావెత్తి కప్పులో కాఫీ చల్లారిపోయిందంటే ఆ రోజు కోసే కోతలు పెద్దవని మాకు గుర్తు. మామూలు రోజుల్లో వేడివేడిగా తాగేసి, మంచు గురించి రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోతాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా "డ్రైవరుతో మాట్లాడరాదు" అన్న బోర్డు కింద కూర్చున్నాడు కాబట్టి ఆ మాటలన్నీ ఇప్పుడు బయటికొస్తున్నాయని రౌనో అంటాడు.

నాది ఊరి చివర పెట్రోలు బంకు, దాన్ని ఆనుకొని కాఫీ హోటలు. మార్చి నెల, సరస్సు మీద మంచు ఇంకా లారీని మోసేంత గట్టిగా ఉంది. ఆ ఉదయం బల్ల దగ్గర ముగ్గురు. తావెత్తి, వెల్డింగు పని చేసే రౌనో, బడి పంతులమ్మ సోయిలి. మగవాళ్ళిద్దరికీ ఒకటే పిచ్చి. యుద్ధం నాటి స్నైపర్ రైఫిళ్ళకి అచ్చు నకళ్ళు తయారుచేస్తారు. పేల్చడానికి కాదు, గోడకి తగిలించుకోడానికి, మేళాల్లో చూపించుకోడానికి. మా వైపు చలికాలం పొడుగు, ఒకళ్ళు మేజోళ్ళు అల్లుతారు, ఒకళ్ళు ఇవి చేస్తారు.

సోయిలి వచ్చింది పని మీద. ప్రతి ఎండాకాలం మా ఊళ్ళో ఆరుబయట నాటకం వేయించేది ఆవిడే. ఈసారి నాటకం యుద్ధం రోజుల్లో ఓ ఇంటి కథ. దానికో రైఫిలు కావాలి. ఎవరి రైఫిలు తీసుకుంటే వాళ్ళ పేరు గేటు దగ్గర బోర్డు మీద రాస్తారట. ఊరంతా చూస్తుంది.

కిటికీ పక్కన ఇంకో బల్ల దగ్గర, యూనిఫారంలో, కానిస్టేబులు ఐలా ఏలకుల బన్ను తింటూ కూర్చుంది. చిన్నప్పుడు తావెత్తి బస్సులోనే బడికెళ్ళిన పిల్ల.

"చూడమ్మా సోయిలీ," అని మొదలుపెట్టాడు తావెత్తి, "రైఫిలు చెయ్యడం ఏముంది, అందరూ చేస్తారు, వీడూ చేస్తాడు. ప్లాస్టిక్ ముక్కలు పోస్టులో తెప్పించుకుంటాడు, జిగురు పూస్తాడు, నల్లరంగు కొట్టి గోడకి తగిలిస్తాడు. నేనట్లా కాదు. నేను చెట్టు దగ్గర్నుంచి మొదలుపెట్టా."

"విత్తనం దగ్గర్నుంచి అనకపోయావా," అన్నాడు రౌనో.

"ఉండరా. మా మేనమామ అడివిలో ఓ బర్చ్ చెట్టుండేది. పైకి మామూలుగానే ఉంటుంది, కోస్తే లోపల చార మంటలాగా మెలికలు తిరిగి ఉంటుంది. అట్లాంటిది అడివి మొత్తానికి ఒకటి దొరికితే అదృష్టం. దాన్ని కొట్టి, మా సౌనాలో, ఆ ఆవిరిస్నానాల గది అటక మీద రెండు చలికాలాలు ఆరబెట్టా. మా ఆవిడ ఆవిరికి వచ్చినప్పుడల్లా తలకి తగిలించుకునేది, తిట్టేది, అయినా అక్కణ్ణుంచి కదిలించలేదు. ఆ తర్వాత కత్తి తీసుకొని చెక్కడం. మిషను లేదు, గిషను లేదు. అవిసె నూనె పట్టించడం, ఆరనివ్వడం, మళ్ళీ పట్టించడం. గొట్టం, మీట, బోల్టు, పైన దుర్భిణీ, అన్నీ యుద్ధం నాటి కొలతలే, వెంట్రుకవాసి తేడా లేదు. అయిందా? దాన్ని పట్టుకొని లహ్తి పట్నంలో పాత ఆయుధాల మేళాకి వెళ్ళా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పకుండా వదుల్తావా," అన్నాడు రౌనో.

"గేటు దగ్గర ఓ ముసలాయన కూర్చొని ఉన్నాడు. కల్నలు. యుద్ధంలో చేసినవాడు, తొంభై దాటినవాడు, రెండు మోకాళ్ళూ పనిచెయ్యవు. నేను కంబళి విప్పానో లేదో, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు! నిలబడి సెల్యూట్ కొట్టాడు."

"నీకా?" అంది సోయిలి.

"నాకెందుకు కొడతాడమ్మా, తుపాకికి! కళ్ళమ్మట నీళ్ళు. 'ఇది నాదే బాబూ, నలభైరెండులో మంచులో పోగొట్టుకున్నా' అన్నాడు. 'అయ్యా, ఇది నా చేత్తో చేసింది' అంటే వినడే! తుపాకి మడమ మీద, భుజానికి ఆనించే చోట, ఓ గాటు చూపించాడు. 'ఆకలేసి నేను కొరికిన గాటు ఇది' అన్నాడు."

"ఆ గాటు నువ్వు చెక్కావా?" అన్నాడు రౌనో.

"చెక్కలేదు! అదే గదా విచిత్రం. అంత అచ్చుగా చేస్తే గాట్లు వాటంతటవే వస్తాయి."

రౌనో కాఫీ మింగబోయి ఆగాడు. తావెత్తి అది గమనించి ఇంకాస్త ముందుకు జరిగాడు. ఐలా బన్ను మీది చక్కెర పలుకులు ఒక్కొక్కటే ఏరుకుంటోంది.

"సరే, ఇంటికొచ్చాం. నేనూ, అదీ. మంచులో ఎట్లా కనిపిస్తుందో చూద్దామని ఓ రోజు అడివికి తీసుకెళ్ళా. చూద్దామనే, ఇంకే ఉద్దేశమూ లేదు. తెల్లటి దుస్తులు వేసుకొని, మంచులో బోర్లా పడుకొని, ఊరికే దుర్భిణీలోంచి చూస్తున్నా. మొదట కాకులు వెళ్ళిపోయాయి. ఒకటీ రెండూ కాదు, మొత్తం జిల్లా కాకులు, పెట్టే బేడా సర్దుకొని. ఉడతలు చెట్లు దిగొచ్చి, దాచుకున్న గింజలన్నీ నా ముందు కుప్పపోశాయి. నేను వద్దమ్మా వద్దమ్మా అంటున్నా, వింటేనా? చలికాలమంతా తెల్లగా ఉండాల్సిన కుందేలు ఒకటి ఎండాకాలం గోధుమరంగుకి మారిపోయింది."

"ఎందుకు?"

"కంగార్లోరా! అప్పుడొచ్చింది దుప్పి. దుప్పంటే అట్లా ఇట్లా దుప్పి కాదు. మన పాల వ్యాను ఉందే, అంత ఉంటుంది. కొమ్ముల మధ్య ఉయ్యాల కట్టొచ్చు. అదిగో, ఆ కొండ మీద రేడియో స్తంభం కనిపిస్తోందే, దానికి అవతల నిలబడి ఉంది. అంత దూరం నుంచి నా వైపు చూసింది. నేను దాని వైపు చూశా. తుపాకిలో గుండు లేదు, మందు లేదు, ఏమీ లేదు. మీట మీద వేలు పెట్టి, ఊరికే, నోటితో, 'ఠాప్' అన్నా."

"ఠాప్ అన్నావా," అన్నాడు రౌనో.

"ఠాప్ అన్నా. దుప్పి పడిపోయింది."

"భయపడి చచ్చిందన్నమాట," అంది సోయిలి.

"భయపడి కాదమ్మా. గౌరవంతో." తావెత్తి గొంతు సర్దుకున్నాడు. "పోనీ అక్కడితో ఆగిందా? ఆగలేదు. ఆ ఠాప్ అట్లా వెళ్ళి, సరస్సు మీద మంచుకి ఇంత కన్నం పెట్టింది. కన్నంలోంచి ఓ చేప పైకెగిరి, గాలం వేసుకొని కూర్చున్నవాడి సంచిలో పడింది. ఇంకా ఆగలేదు. అవతలి ఊరి చర్చి గంటకి తగిలింది. ఖంగుమని మోగింది! జనమంతా కోట్లు వేసుకొని ప్రార్థనకి వచ్చేశారు, మంగళవారం నాడు. పాస్టరుగారు పాపం పొయ్యి మీది గంజి దించి వచ్చి, అప్పటికప్పుడు ప్రసంగం చెప్పాల్సి వచ్చింది. తర్వాత బోర్డరు దాటబోయింది గానీ నేనే వద్దన్నా, రాజకీయాలు మనకెందుకని."

సోయిలి నవ్వు ఆపుకోలేక చేతిరుమాలు వెతుక్కుంది. రౌనో మాత్రం గంభీరంగా ముఖం పెట్టి అడిగాడు.

"మాంసం ఎంతొచ్చింది?"

"నాలుగు ఫ్రీజర్లు. ఇప్పటికీ తింటున్నాం."

కిటికీ దగ్గర కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడైంది.

"ఇది ఎప్పుడు జరిగింది, తావెత్తి గారూ?" అంది ఐలా.

నా హోటల్లో ఎవరూ ఎవర్నీ 'గారూ' అనరు. ఐలా ఆయన్ని పుట్టిన దగ్గర్నుంచి 'నువ్వు' అనే అంటుంది. ఆ 'గారూ' వినేసరికి రౌనో కుర్చీలో సర్దుకొని కూర్చున్నాడు. నేను గిన్నెలు కడగడం ఆపాను.

"పోయిన నెల్లోనమ్మా," అన్నాడు తావెత్తి, ఇంకా ఆ ఊపులోనే. "ఫిబ్రవరి. మంచు మీద ఎండ మెరుస్తుంటే..."

"దుప్పి వేట గడువు జనవరిలోనే అయిపోతుంది."

"వేటాడలేదమ్మాయ్, అదే పడిపోయింది."

"పడిపోయిందని మాకు చెప్పారా? చెప్పలేదు. మాంసం మీ ఫ్రీజర్లలో ఉంది. తుపాకికి లైసెన్సుందా?"

"దానికి లైసెన్సెందుకు, అది ఉత్త..." తావెత్తి నోరు అక్కడే ఆగింది.

"ఉత్త?"

ఆయన సోయిలి వైపు చూశాడు, రౌనో వైపు చూశాడు.

"ఉత్త... ఉత్తమమైన తుపాకి," అన్నాడు.

"అయితే నేను తీసుకెళ్ళాలి. పేలుతుందో లేదో పరీక్షకి పంపుతారు. గొట్టం నిలువునా కోస్తారు, కర్ర విప్పుతారు. మళ్ళీ అతికించివ్వరు." ఐలా ముఖంలో ఏమీ తెలియలేదు. వేళాకోళమో నిజమో నాకే అర్థం కాలేదు, రోజూ చూసే మనిషిని.

"కోస్తారా?" అన్నాడు తావెత్తి. ఆ గొంతు కాసేపటి కిందటి గొంతు కాదు.

సోయిలి చేతితొడుగులు అందుకుంది. "పేలేదైతే నేను స్టేజీ మీద పెట్టలేను తావెత్తీ. రౌనో, నీ ప్లాస్టిక్‌ది ఓసారి చూపిస్తావా?"

ఆ మాట తగిలింది. తావెత్తి రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు.

"ఆగమ్మా. గొట్టం పాలు పితికే మిషనుది," అన్నాడు. "మా అక్క వాళ్ళ పశువుల పాకలో తీసి పారేసిన పైపు. లోపల రెండు వేళ్ళ లోతు తర్వాత కర్ర బిగించి ఉంది. గుండు కాదు, చీమ కూడా దూరదు. బోల్టు తలుపు గడియ. దుర్భిణీ సైకిలు పంపు, దానికి మా అమ్మ కళ్ళజోడు అద్దం."

"చర్చి గంట మోగిందన్నారు," అంది ఐలా.

"మోగింది. ఆదివారం."

"చేప?"

"దాన్ని నేను చూడలేదు. ఎవరో చెప్పారు." కొంచెం ఆగి, "ఎవరూ చెప్పలేదు," అన్నాడు.

"కల్నలు?" ఈసారి అడిగింది రౌనో. వదిలేట్టు లేడు.

"కల్నలు కాదు. కార్లు ఆపేచోట టిక్కెట్లు ఇచ్చేవాడు. కుర్చీలోంచి లేచిన మాట నిజం. చెయ్యి నుదుటికి పెట్టిన మాటా నిజమే. ఎండగా ఉంది."

"దుప్పి సంగతి చెప్పండి. నాకు కావాల్సింది అది," అంది ఐలా.

తావెత్తి చల్లారిన కప్పుని బల్ల మీద గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు. బయట మంచు తీసే బండి ఒకటి వచ్చి పెట్రోలు పోయించుకొని వెళ్ళింది. నేను డబ్బు తీసుకొని లోపలికి వచ్చేసరికి ఇంకా అట్లాగే ఉన్నాడు.

"రోడ్డు పక్కన బోర్డు ఉంటుందిగా," అన్నాడు చివరికి. "దుప్పులు అడ్డొస్తాయి, నెమ్మదిగా వెళ్ళండని. దాని మీది దుప్పి."

"పడిందా?"

"బోర్డు మీది మంచు పడింది."

"ఠాప్ అంటేనా?"

"అనకముందే."

"నాలుగు ఫ్రీజర్లు?"

"ఒకటే. బ్లూబెర్రీలు."

రౌనో బల్ల మీద తల పెట్టుకొని నవ్వాడు. సోయిలి నవ్వలేదు. ఐలా లేచి టోపీ పెట్టుకుంది.

"అసలు వస్తువేదీ?"

అది కార్లోనే ఉంది. సోయిలి వస్తుందని తెలిసి తెచ్చుకున్నట్టున్నాడు. కంబళిలో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద పెట్టుకొని లోపలికి వచ్చాడు. బల్ల మీద కప్పులన్నీ నేనే తీసేశాను. కంబళి విప్పాడు.

మిగతావన్నీ ఎట్లా ఉన్నా, చెట్టు గురించి చెప్పింది మాత్రం నిజం. కర్ర మీద చార మంటలాగే ఉంది. కిటికీలోంచి వచ్చే వెలుతురు దాని మీద అటూ ఇటూ కదులుతోంది. కత్తి గుర్తు ఎక్కడా కనపడలేదు. పాలు పితికే మిషను పైపని చెప్పకపోతే, నేనైతే ఆ గొట్టానికి ఎదురుగా నిలబడేదాన్ని కాదు.

ఐలా గొట్టంలో చిటికెనవేలు పెట్టి చూసింది. వేలు ఆగింది. గడియ లాగింది, మళ్ళీ తోసింది.

"ఇంటికి పట్టుకెళ్ళు," అంది. మళ్ళీ 'నువ్వు'లోకి వచ్చింది. "ఇంకోసారి నా ముందు ఫిబ్రవరిలో దుప్పిని చంపకు. కేసు రాసుకోవాలనిపిస్తుంది." బన్ను డబ్బులు కౌంటరు మీద పెట్టి వెళ్ళిపోయింది.

రౌనో నవ్వు ఎప్పుడు ఆగిందో నేను చూడలేదు. తుపాకి మడమ మీద బొటనవేలితో మెల్లిగా రాస్తున్నాడు.

"నూనె ఎన్ని పూతలు?"

తావెత్తి నోరు తెరిచాడు. వందంటాడో, వెయ్యంటాడో అని ఎదురుచూశాం.

"ఏడు," అన్నాడు.

రౌనో తలూపాడు.

"తీసుకుంటాను," అంది సోయిలి. "ఇదే కావాలి నాకు."

అంతే, మనిషికి ప్రాణం లేచొచ్చింది. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఏ సీన్లో వస్తుంది? ఎవరు పట్టుకుంటారు? పట్టుకునేవాడికి నేను వారం రోజులు నేర్పాలి. చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియకపోతే అభాసవుతుంది."

"ఎవరూ పట్టుకోరు తావెత్తీ. రెండో అంకంలో మంచం కింద ఉంటుంది. గుడ్డలో చుట్టి."

"బయటికి ఎప్పుడు తీస్తారు?"

"తియ్యరు. ఆ ఇల్లాలు దాన్ని దాచిపెట్టిందని చూసేవాళ్ళకి తెలిస్తే చాలు."

తావెత్తి కంబళి అంచు మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ మడత పెట్టాడు.

"ఏమీ కనపడదా మరి?"

"ఓ జానెడు కనిపిస్తుంది."

"ఏ వైపు?"

"మడమ వైపు. కర్ర."

"వెనక కూర్చున్నవాళ్ళకి?"

"కనపడదు. ముందు మూడు వరసలకి కనిపిస్తుంది."

ఆయన మడమ మీద చెయ్యి వేసి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చాపి, కొలిచి చూసుకున్నాడు. ఆ చేతి కింద మంటలాంటి చార ఎంత పడుతుందో చూశాడు.

"జానెడు చాలు," అన్నాడు.