దుంపల గోదాము చర్చి

తనకేమన్నా అయితే ఈ సింగపూర్‌లో పాపను ఎత్తుకునే దిక్కుండదన్నదే ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం. అందుకే ఆదివారం ఆరాధన అయ్యాక, పాపను చంకనేసుకుని తెలుగు క్రైస్తవ సంఘం సెక్రటరీ బల్ల ముందు నిలబడింది. తమ ఫ్లాట్‌లోనే పక్క గదిలో అద్దెకుండే లాట్వియా ఆవిడ విల్మా వాకిట్లో ఎదురుచూస్తోంది.

“అంకుల్, పాప బాప్తిస్మానికి జ్ఞానతల్లిగా విల్మా గారి పేరు రాయండి. రేపు నాకేమన్నా అయితే పాపకి అమ్మలా నిలబడేది ఆవిడే.”

“ఆమె సొంతూరి చర్చి నుంచి సభ్యత్వ ఉత్తరం తెచ్చిందా?”

“వాళ్ళ దేశం రష్యా కింద ఉన్నప్పుడు ఆ చర్చిని మూసేసి బంగాళాదుంపల గోదాము చేశారంట అంకుల్. రిజిస్టర్లన్నీ పోయినయ్. ఈవిడకి వాళ్ళమ్మమ్మే వంటింట్లో తలుపులేసుకుని బాప్తిస్మం ఇచ్చిందంట.”

“వంటింట్లోనా! ఏడో తరగతి చదివి నాకు నిబంధనలు చెప్తున్నావా అమ్మాయ్? సైన్స్ పార్కు ఆఫీసులో నా కింద పనిచేసే అరవైమంది ప్రోగ్రామర్లు నా సంతకం కోసం నిలబడతారు. ఉత్తరం లేనిదే కుదరదు.”

“ఉత్తరం ఎవర్ని రాసివ్వమంటారు? ఆ దుంపల్నా?”

“నోరు తగ్గించు!”

“పాపకి జ్వరమొస్తే మూడ్రోజులు ఒళ్ళో పెట్టుకుంది ఆవిడ. ఉత్తరాలున్నోళ్ళు ఒక్కరన్నా తొంగిచూశారా?”

“అడ్రసు లేనిదాన్ని తెచ్చి జ్ఞానతల్లంట! పో, ఇంకెవర్నన్నా తీసుకురా.”

ఆమె బయటికొచ్చేసరికి విల్మా లేదు. తెలుగు రాకపోయినా ఆ గొంతు అర్థమైనట్టుంది. వారం తిరక్కుండానే గది ఖాళీ చేసింది.

సింగపూర్‌లోనే క్లెమెంటి అనే పేటలో ఉంటోందని పాప తల్లి చెవిన పడింది. మీలో ఎవరైనా అటు వెళ్తే, నెరిసిన పొడుగాటి జడ ఉన్న ఆ మనిషి ఎలా ఉందో కాస్త చూసి రండి. పాప బాప్తిస్మం ఆవిడ కోసమే ఆగి ఉందని చెప్పండి.