స్తంభం కనబడేదాక

"అమ్మమ్మా, నా స్కూటీ తాళం నువ్వే తీసినవా? డ్యూటీకి పోవాలె, జల్దీ చెప్పు."

తాళమా? ఏడికి పోతది తియ్, ఇంట్లనే ఉంటది. ముందు గీ చాయ తాగు. గట్ల కోపంగ చూడకు, మీ అమ్మ గూడ గట్లనే చూస్తది, మొకమంత కండ్లు జేస్కొని. ఒక్కసారి గడప కాడికి పోయి చూడరాదు, చెరువు కట్ట మొదట్ల కరెంటు స్తంభం కనబడ్తుందా? లేదా? అవ్ మరి, నేనేమన్న! చెరువు మీదికెల్లి మంచు లేస్తే ఇంటి ముందటి బర్రెల కొట్టమే కనబడది. నువ్వేమో వైరా కట్ట పొంటి ఖమ్మం దాక బండేస్కొని పోతనంటున్నవ్. కొత్త నౌకరి, నాకెరకనే. లేటయితే సారు తిడ్తడు. తిట్టనీ. తిడితే ఒంటికి దెబ్బ తాకుతదా?

కూసో. గా స్తంభం కనబడంగనే తాళం నేనే దేవులాడి ఇస్త.

నవ్వకు. మంచంటే ఏందో నీకెరక లేదు. పెద్ద లైటేస్తే తొవ్వ కనబడ్తదనుకుంటరు మీరు. కనబడది. గా లైటు మంచుకు తాకి మళ్ల నీ కండ్లల్లనే పడ్తది, సున్నమేసిన గోడ ముందట నిలబడ్డట్టు ఉంటది. కిందికి పడే చిన్న లైటే నయం. నాకెవ్వలు చెప్పిండ్రంటవా? యాకూబన్న చెప్పిండు. జీపు యాకూబన్న. నువ్వు చూడలే, నువ్వు పుట్టకముందే పోయిండు పాపం. మన ఊర్ల గప్పుడు ఒక్కటే జీపు. మిరపకాయ బస్తాలేసినా దాంట్లనే, పెండ్లికి పోయినా దాంట్లనే. పట్టుచీర కట్టుకొని ఎక్కితే దిగేదాక తుమ్ములే.

ఏం చెప్తున్న? ఆఁ, మంచు. మీ అమ్మ నా కడుపుల ఉన్నప్పటి ముచ్చట. గిదే చలికాలం, వరికోతలు అయినంక. నాకు నొప్పులు మొదలైనయ్. మంత్రసాని వచ్చింది, చేసేదంత చేసింది, తెల్లారేసరికి చేతులెత్తేసింది. "బిడ్డ అడ్డం తిరిగింది, నాతోని కాదు, ఖమ్మం దవాఖానకు కొండబోండ్రి" అన్నది. మీ తాత ఉరికి యాకూబన్నను లేపుకొచ్చిండు. కిరాయి ఎంతని ఈయన అడగలే, ఆయన చెప్పలే. నన్ను ఎన్క సీట్ల పండబెట్టి తల కింద గడ్డి బస్తా పెట్టిండ్రు. గడ్డి కాదు, ఖాళీ వడ్ల సంచి మడతబెట్టి పెట్టిండ్రు. కుచ్చుకుంటుండె, అందుకే యాదికున్నది.

కట్ట కాడికి వచ్చినమో లేదో, ఇగ ఏం లేదు. రోడ్డు లేదు, చెరువు లేదు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క ఇంత లోతు పల్లం, రెండూ కనబడ్తలేవు. యాకూబన్న బండి ఆపిండు. "బావా, నాకేం కనబడ్తలేదు, మంచు పోయేదాక ఆగుదాం" అన్నడు. ఆగెటట్టు ఉన్నదా? లోపట నేను ప్రాణం పోతున్నట్టు ఒర్రుతున్న. పోతే చెరువుల పడ్తం, ఆగితే నేనూ దక్క, కడుపుల బిడ్డా దక్కది. ఏం జేస్తడు మనిషి, నువ్వే చెప్పు.

మీ తాత దిగిండు. భుజం మీది తెల్ల తువ్వాల తీసి ఈపు మీద పరుసుకొని, కొసలు మెడకాడ ముడేస్కున్నడు. "బావా, నేను రోడ్డు నడిమిట్ల నడుస్త. నా తువ్వాల కనబడినంత సేపు రా. కనబడకపోతే ఆపు" అన్నడు.

ఇగ నడుస్తున్నడు. ఉరుకుడు గాదు బిడ్డా, అడుగు అడుగు, కాలితోని రోడ్డు తడుముకుంట. ఎన్క జీపు, చీమ నడిచినట్టు. నాకు ఒళ్లు మండింది. నొప్పుల మీదున్నదాన్ని, నోరు ఊకుంటదా? "ఓ మనిషీ, నన్ను సంపుతవా ఏంది! పెండ్లి ఊరేగింపు దీస్తున్నవా! నీ కాళ్లిరగ!" అని తిట్టిన తిట్టు తిట్టకుంట తిట్టిన. యాకూబన్నకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. మీ తాత ఎనక్కి తిరిగి చూస్తేనా! ఒక్క అడుగు గూడ జోరు పెంచలే. మొండోడు. నువ్వు గాయన పోలికే, ఇంకెవ్వలు గాదు.

స్తంభం చూడు ఒకసారి. ఇంక లేదా? బన్ను తిను అప్పటిదాక.

గట్ల పోంగ పోంగ తువ్వాల మాయమైంది. అమాంతం కిందికి పోయింది. యాకూబన్న గట్టిగ బ్రేకు దొక్కి "యా అల్లా" అన్నడు. నేను తిట్టుడు ఆపిన. నొప్పులు గూడ ఆగినట్టే అనిపించింది, ఒట్టు. చెరువుల పడ్డడనుకున్న. కాళ్లిరగ అంటినేమో, నా నోరు పాడుగాను అనుకున్న.

చెరువుల పడలే. రోడ్డు మీద వడ్లు ఆరబోసిండ్రు. ఇప్పుడు గూడ పోస్తరు గదా, సగం రోడ్డు వడ్లే, సుట్టూ రాళ్లు. గా రాళ్లకు తట్టుకొని పడ్డడు. పడ్డది ఏడ? మనిషి మీద! వడ్లకు కాపలా ఒక ముసలాయన, గొంగడి నిండ కప్పుకొని గా రాళ్ల పక్కన్నే పండుకున్నడు. లేసి "కండ్లు కనబడ్తలేవా" అని మీ తాత మీదికొచ్చిండు. అప్పుడు జీపు లైటు చూసిండు, నా ఒర్రుడు ఇన్నడు. మీ తాత ముందట నడవకుంట జీపు ఎప్పటి లెక్క జోరుగ వచ్చి ఉంటే గాయన మీదికెల్లే పోదుము.

గా ముసలాయన ఏం జేసిండో తెల్సా? ఏడాది పంట, వడ్లు గట్లనే ఇడిసిపెట్టిండు. రాళ్లు పక్కకు జరిపి, గొంగడి తెచ్చి నా మీద కప్పిండు. "ఈ కట్ట నాకెరక, నా చెయ్యి పట్టు" అని మీ తాతను పట్టుకొని కట్ట అయిపోయేదాక ఆయన గూడ జీపు ముందట నడిచిండు. తర్వాత గొంగడి ఇచ్చొద్దామని పోతే తీస్కోలే, బిడ్డ కింద పరుసుమన్నడు. మీ అమ్మ బోర్లపడ్డది గా గొంగడి మీదనే.

దవాఖానల మీ అమ్మ పుట్టంగనే ఏడ్వలే. జరసేపైనంక కెవ్వుమన్నది సూడు, అబ్బా! తలుపు కాడ మీ తాత నిలబడ్డడు. మోకాలంత చెక్కుకపోయి నెత్తురు, గా తువ్వాలతోనే తుడుసుకుంటున్నడు. నన్ను చూసి ఏమన్నడో తెల్సా? "ఊరేగింపు చేరింది" అన్నడు. గంతే. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది నాకు.

ఏంది లేసినవ్? కనబడ్తుందా? రెండో స్తంభం గూడనా? బాగ చూసినవా? అయితే ఇగో తాళం. నా బొడ్డుసంచిల్నే ఉండె.

గట్ల చూడకు. కావాల్ననే ఇంతసేపు చెప్పిన, అవ్. మరి ఏం జెయ్యమంటవ్ బిడ్డా? మీ తాత ఉంటే తువ్వాలేస్కొని నీ బండి ముందట నడుస్తుండె. నాకేమో మోకాళ్లు రావు. కూసోని మాట్లాడుడొక్కటే వస్తది.

పో ఇగ. చిన్న లైటేస్కో. హెల్మెట్ అద్దం తుడుసుకుంట పో. లారీ ఎన్క లైటు చూస్కుంట పోకు, వానికి గూడ ఏం కనబడ్తలేదు. వడ్లకాడ రాళ్లుంటయ్, పైలం. మిరపకాయ కూలోళ్ల ఆటోలొస్తయ్, పక్కకు జరుగు. చేరినంక ఫోన్ కొట్టు, సారు ఉన్నా సరే కొట్టు. సల్లగుండు నా తల్లీ. నా అంత ముసల్దానివి కావాలె నువ్వు, గిట్లనే నీ మనవరాలి తాళం దాచిపెట్టాలె.