సింహం వెనక చేతులు

జిలాలా పోయి నెల దాటింది. పొద్దు వాలే వేళకి అతని తమ్ముడు లుహెండే వేటల కంపెనీ జీపు దిగి, వదిన మింజా ముంగిట్లో పీట వేసుకుని కూచున్నాడు. కంపెనీ మేనేజరు కిమారియో జీపులోనే ఉండిపోయాడు.

"ఇంకొక్కసారి చెప్పు వదినా. మొదటినించీ."

"నోరు నొప్పెడుతోంది లుహెండే."

"ఒక్కసారి. ఇదే ఆఖరు."

"నా పేరు మింజా. నా మొగుడు జిలాలా. వేటల కంపెనీలో జంతువుల జాడలు పట్టేవాడు. సింహం ఆయన్ని చంపింది. తరవాతేంటి?"

"తరవాత దొర..."

"ఆఁ. తరవాత వేటకొచ్చిన దొర జాలిపడి ఆ సింహాన్ని కాల్చాడు. ఊరికి పీడ వదిలించాడు. ఆ దొరకి దణ్ణం."

"దణ్ణం అన్నప్పుడు కెమెరా వంక చూడాలి. నేలకేసి కాదు."

"మొగుడు పోయినదాన్ని. నేలకేసి చూడక చెట్ల కొమ్మలు చూడమంటావా?"

"కొంచెం తల ఎత్తు. ఇంకొంచెం. అదీ. మొహమన్నా కడుక్కోకపోయావా, పొయ్యి బూడిద అట్లాగే ఉంది. తొందరగా కానీ, వెలుగు పోతోంది."

"వెలుగు పోతే ఏం? చీకట్లో నా మాట వినపడదా?"

"మాటొక్కటే చాలదు. మనిషి కనపడాలి. కిమారియో సారు మరీ మరీ చెప్పాడు."

"ఆయన దిగడేం?"

"కుక్కంటే భయం."

"సింహాల కంపెనీ మేనేజరుకి నా కుక్కంటే భయమా! దానికి పళ్ళూడి రెండేళ్ళయింది."

"నవ్వకు. కెమెరా ముందు ఆ నవ్వు రానీయకు."

"సరే సరే. ఉడకబెట్టిన చిలగడదుంపలున్నాయి, తింటావా?"

"తినే వచ్చాను."

"ఈ ఇంట్లో తినకుండా లేచేవాడివి కాదు నువ్వు. అది సరే, ఎవరు చూస్తారిది?"

"లోకమంతా. దొర తన దేశం పోయి, సింహం పక్కన కూచున్న ఫోటోలు జనం చూడ్డానికి పెట్టాడు. మెచ్చుకుంటారనుకున్నాడు. మీద పడ్డారు వదినా! ఒకరా ఇద్దరా, లక్షలమంది. హంతకుడా అని, నిన్నూ ఇట్లాగే చంపి నీ పక్కన ఫోటో దిగాలి అని. ఆయన దుకాణం అద్దాలు పగలగొట్టారట. పెళ్ళాం పుట్టింటికి పోయిందట."

"అంత ఏడుపు ఎవరి కోసం?"

"ఎవరి కోసమంటే?"

"మీ అన్న కోసమా?"

"కాదు. సింహం కోసం."

"ఓహో."

"జంతువుల పార్కు చూడ్డానికొచ్చే తెల్లవాళ్ళు దానికి పేరు పెట్టుకున్నారట. కొవ్వొత్తులు వెలిగించి ఏడుస్తున్నారట."

"మీ అన్న పేరు ఎవరన్నా అడిగారా?"

"అందుకేగా వచ్చింది! నువ్వు చెబితేనే కదా తెలిసేది. మనిషిని చంపిన సింహమని తెలిస్తే ఆ నోళ్ళన్నీ మూతపడతాయి. దొర పరువు దక్కుతుంది, కంపెనీ నిలబడుతుంది. లేకపోతే ఇంక ఏ దొరా రాడు. క్యాంపు మూసేస్తారు. నా ఉద్యోగం గంగలో కలుస్తుంది."

"నీదేంటి? మీ అన్నది కదా."

"ఇప్పుడు నాదే. జాడలవాళ్ళకి నన్ను పెద్దని చేశారు."

"బూట్లు కూడా ఇచ్చారా?"

"ఏ బూట్లు?"

"నీ కాళ్ళకున్నవి. మీ అన్నవేగా?"

"కంపెనీ బూట్లు వదినా. ఊరికే పడుంటే చెదపురుగులు తింటాయని..."

"సరిపోయాయా?"

"కొంచెం వదులు. ముందు గుడ్డపీలికలు కుక్కాను."

"అవును. మీ అన్న పాదం పెద్దది."

"సరే, ఇంక సారుని పిలవనా?"

"ఉండు. ఒకటి అడుగుతాను, కోప్పడకు. అన్నని చంపిన సింహాన్ని తమ్ముడెందుకు చంపలేదు? మా తాత రోజుల్లో సింహాన్ని చంపినవాడు ఊరూరా చిందేసుకుంటూ పోతే, గుమ్మం గుమ్మానా ఆవునో మేకనో ఇచ్చి పంపేవాళ్ళు."

"ఆ రోజులు పోయాయి. ఇప్పుడు పర్మిట్ లేనివాడు సింహం మీద చెయ్యేస్తే జైల్లోనే తల నెరిసిపోతుంది. దొర దగ్గర కాయితం ఉంది. మన దగ్గర ఏముంది?"

"మన దగ్గర దణ్ణం ఉంది."

"ఎత్తిపొడుపులు మానవా? నీ మంచికే చెబుతున్నా."

"మానేశాలే. కానీ నా మొగుణ్ణి చంపినదాని మొహం నాకు తెలియదు లుహెండే. చూడనిదాని మీద కోపం ఎట్లా తెచ్చుకోను?"

"చూస్తావా? మంచి మాట. సారు ఇచ్చిన ఫోన్లో ఉన్నాయి, దొర పెట్టిన ఫోటోలే. ఇదుగో. చూసి బాగా కోపం తెచ్చుకో, ఆ ఊపులో చెప్పేద్దువు."

"ఇదా?"

"ఇదే. జూలు చూడు ఎంతుందో!"

"నిద్రపోతున్నట్టుంది."

"అట్లా ఉండాలనే కదా తిప్పలు. నాలిక లోపలికి తొయ్యాలి, నెత్తురు కడగాలి, గాయం అవతలి పక్కకి తిప్పాలి. తల దానంతటది నిలబడదు, వెనక పడుకుని ఎత్తి పట్టుకోవాలి. మనిషి కనపడకూడదు. అదో పనితనం వదినా, అందరికీ రాదు."

"అయితే జూలు పక్కన ఈ చేతులు నీవేనా?"

"నావే. వాటిక్కూడా తిట్లే! ఆ నల్ల చేతులెవడివి, వాణ్ణీ పట్టుకోండి అంటున్నారట. మొహం కనపళ్ళేదు కాబట్టి బతికిపోయాను."

"కడియం కనపడుతోంది. మీ అమ్మ చేయించిన రాగి కడియం."

"దాన్నెవరు గుర్తుపడతారులే."

"నేను పట్టాను."

"నువ్వు ఇంటిదానివి కదా."

"వెనక ఈ జీపేంటి?"

"మాదే. జీపుతో నీకేం పని, సింహాన్ని చూడు."

"జీపు వెనక తలుపు తీసుంది. ఏవో బయటికొచ్చి ఉన్నాయి."

"సామాన్లు."

"బూట్లు."

"ఆఁ, సామాన్లలో బూట్లు..."

"ఖాళీ బూట్లు కావు, కాళ్ళున్నాయి. నువ్వు తొడుక్కున్న బూట్లే. మీ అన్న కదూ?"

"అన్నే. పోయాడు కదా, జీపులో పడుకోబెట్టాం. ఆవేళే చెప్పాగా, అక్కడికక్కడే పోయాడని. మంచినీళ్ళు కూడా అడగలేదు, పుణ్యాత్ముడు."

"వెనక శవాన్ని పెట్టుకుని నవ్వుతున్నాడా ఈ దొర?"

"ఫోటో అంటే నవ్వుతారు వాళ్ళు. వాళ్ళ అలవాటది."

"తరవాతిది చూపించు."

"అన్నీ ఒకటే వదినా."

"చూపించు."

"సారు జీపులో ఎదురు చూస్తున్నాడు, వెలుగు..."

"చూపించమన్నానా! ఆఁ. ఇంకోటి. మళ్ళీ వెనక్కి. మొదటిది. ఊఁ. మళ్ళీ రెండోది."

"ఏం వెతుకుతున్నావ్?"

"మొదటిదాంట్లో కాళ్ళు రెండూ చాపుకుని ఉన్నాయి."

"ఉంటే?"

"రెండోదాంట్లో ఎడం మోకాలు ముడుచుకుంది."

"జీపు కదిలుంటుంది."

"మూడోదాంట్లో కాళ్ళు రెండూ కిందికి వేలాడుతున్నాయి. దిగబోయేవాడిలాగా. జీపే దింపుతోందా ఆయన్ని?"

"వదినా..."

"చచ్చినవాడు మోకాలు ముడుస్తాడా లుహెండే?"

"నెత్తురు బాగా పోయింది. ఎట్లాగూ దక్కేవాడు కాదు."

"ఎవరన్నారు? డాక్టరా?"

"దొర. అయిదు నిమిషాలు, వెలుగు పోయేలోపల ఫోటో తీసుకుని బయల్దేరదాం అన్నాడు."

"మొదటి ఫోటోలో దొర నీడ సింహం దాటలేదు. ఈ ఆఖరిదాంట్లో జీపు దాకా పాకింది. ఏ దేశపు అయిదు నిమిషాలు ఇంత పొడుగుంటాయి?"

"నేను గడియారం చూళ్ళేదు."

"ముందు దెబ్బ తిన్నది ఎవరు? మీ అన్నా, సింహమా?"

"అదిప్పుడెందుకు?"

"నాకు నేర్పావు కదా, సింహం ముందు చంపింది, దొర తరవాత కాల్చాడని. అట్లాగేనా జరిగింది?"

"దొర కాలిస్తే పొట్టలో తగిలింది. పొదలో దూరింది. గాయంతో దూరిందాన్ని వదలకూడదు కదా, అన్న జాడ పట్టుకుని వెళ్ళాడు."

"దొర?"

"జీపెక్కాడు. అది అన్న మీద పడ్డాక జీపు మీంచి మళ్ళీ కాల్చాడు."

"జాలిపడి."

"నన్నేం చెయ్యమంటావు? కంపెనీ మాట కాదంటే రేపు నాకు తిండెవడు పెడతాడు?"

"ఆవేళ నువ్వు నన్ను ఆయన ఒళ్ళు చూడనివ్వలేదు. మొహమొక్కటే చూపించావు. పెదాలు బెరడులాగా ఎండిపోయి ఉన్నాయి. అక్కడికక్కడే పోయినవాడి పెదాలు అట్లా ఎందుకుంటాయా అని ఈ నెలంతా అనుకుంటూనే ఉన్నాను. సింహం జూలేమో తడిసి కారుతోంది. ఎక్కడివి నీళ్ళు?"

"డబ్బాలోవి."

"తాగే నీళ్ళ డబ్బా. ఇదుగో, దొర కాళ్ళ దగ్గర బోర్లా పడుంది. దేనికి కడిగావు దాన్ని?"

"చెప్పాగా. నెత్తురు."

"మూతి కూడా కడిగావు. పొట్టలో గుండు తగిలితే మూతికి ఎవరి నెత్తురుంటుంది లుహెండే?"

"చాలు వదినా! చాలు."

"ఆయన నీళ్ళడిగాడా?"

"సారు పిలుస్తున్నట్టున్నాడు వదినా."

"అడిగాడా?"

"ఒకసారి."

"ఒకసారేనా?"

"నేను తల పట్టుకుని ఉన్నాను. వదిలితే పడిపోతుంది. దొర కదలొద్దన్నాడు. అన్న నన్ను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు, నేనెట్లా కదలను?"

"అవును పాపం. కదిలితే ఫోటో చెడుతుంది. ఏడవకు. లే. పిలువు ఆ సారుని."

"చెబుతావా?"

"చెబుతాను. పనిగట్టుకుని వచ్చారు కదా."

"నేను నేర్పినట్టే?"

"సింహం చంపిందని చెబుతాను. పగ తీరిందని చెబుతాను. కెమెరా వంకే చూస్తాను. ఏడుపంటావా, ఇప్పుడైతే దండిగా వస్తుంది."

"తల్లి తరవాత తల్లివి వదినా నువ్వు! నీ పొలం నేను దున్నిస్తాను, నీ ఇంటి కప్పు నేను వేయిస్తాను. సారూ! కిమారియో సారూ! రండి, ఏం చెయ్యదు కుక్క!"

"దణ్ణం అమ్మా. మీ ఆయన చాలా మంచివాడు. కంపెనీ ఎప్పటికీ మరిచిపోదు. వెలుగు కొంచెమే ఉంది, మొదలుపెట్టేద్దామా?"

"పెట్టండి బాబూ."

"ఇటు చూడమ్మా. ఈ కెమెరా అద్దం వంక. ఆఁ, కానీ."

"నా పేరు మింజా. నా మొగుడు జిలాలా. వేటల కంపెనీలో జంతువుల జాడలు పట్టేవాడు. సింహం ఆయన్ని చంపింది."

"బాగుంది, బాగుంది. ఆపకు."

"తరవాత మా మరిది లుహెండే ఆ సింహాన్ని చంపాడు."

"వదినా!"

"అన్న పగ తమ్ముడు తీర్చడం మా వాళ్ళ ఆచారం. ఇదుగో, ఇతనే. మగాడు. దొర కాల్చలేదు. దొర పాపం చచ్చినదాని పక్కన కూచుని ఫోటో దిగాడంతే. ఆయన్ని తిట్టకండి. ఆ ఫోటోలో తల పట్టుకున్న చేతులెవరివని అడుగుతున్నారట కదా, అవి ఇతనివే. కడియం చూసుకోండి."

"అబద్ధం! సారూ, అంతా అబద్ధం! నేను చంపలేదు!"

"అయితే నిజం నువ్వే చెప్పు. ఆ చేతుల్తో ఏం చేస్తున్నావో ఈ కెమెరాకి చెప్పు. జీపులోంచి మీ అన్న ఏం అడుగుతున్నాడో అదీ చెప్పు. నేను ఆగుతాను, చెప్పు."

"..."

"చూశారా బాబూ? సింహాన్ని చంపినవాడు, సిగ్గుపడుతున్నాడు."

"సారూ, మీరన్నా చెప్పండి! మీకు తెలుసు కదా. పర్మిట్ దొర పేరునే ఉంది కదా. నన్ను జైల్లో వేస్తారు సారూ!"

"ఉండవయ్యా, ఆలోచించనీ. దొర కాల్చలేదు. పక్కన కూచున్నాడంతే. ఊఁ. అమ్మా, ఇది మొదటినించీ మళ్ళీ చెప్పగలవా?"

"ఎన్నిసార్లయినా చెబుతాను బాబూ."

"లుహెండే, నువ్వు ఆమె పక్కన కూచో. చేతులు ముందుకి పెట్టు, కడియం కనపడాలి. తల ఎత్తు, ఈసారి మొహం కూడా కావాలి. ఆఁ, అట్లా. కదలకు. వెలుగు పోతోంది."