పదోవంతు మోటారు

స్నానాలగది తలుపుకు లోపల మామగారు, బయట అల్లుడు.

“నీళ్ళు ఎటు పోతాయన్నావు అల్లుడూ?”

“తూర్పుకి మామయ్యగారూ. భూమి లోపల నీళ్ళు ఎటు పారేదీ కంప్యూటర్లో మోడల్ కట్టి చూశాను. త్వరగా రండి, నాకు మీటింగుంది.”

“ఫ్యాక్టరీ పాత బావిలో మొన్న నువ్వు పోసిన రంగు?”

“అదీ తూర్పుకే. మన వీధి పడమటనుంది. ఇక్కడికి రావాలంటే నా మనవడికి మనవడు పుట్టాలి.”

“ఏం రంగూ?”

“ఆకుపచ్చ. తాగినా ఏమీ కాదు. నీళ్ళ దారి తెలియడానికంతే. ఎందుకు?”

“ఊరికే. మీటింగులో ఏం చెప్తావు?”

“ఫ్యాక్టరీ మురుగు ఆ బావిలో వదిలినా మన బోర్లకి రాదని సంతకం పెడతాను. రేపట్నుంచి వదులుతారు. అది సరే, అత్తయ్యగారు పొద్దున్నుంచీ గది తలుపు తియ్యట్లేదు. నామీద కోపమా?”

“నీమీద కాదులే. అంటే, కొంచెం నీమీదే. ఇదిగో, తలుపు తీస్తున్నాను, నవ్వకూడదు.”

“నేనెందుకు నవ్వు... మామయ్యగారూ.”

“నవ్వనన్నావు.”

“నవ్వట్లేదు. చిలక... చిలకలా ఉన్నారు.”

“నీ మనవడి మనవడు తొందరపడి పుట్టేసినట్టున్నాడు.”

“ఉండండి, ఉండండి. వీధిలో ఇంటింటి మోటారూ లెక్కలో వేశాను. మనదీ వేశాను. ఒక హెచ్‌పీ.”

“ఒకటా? పది. పాత మిల్లు మోటారు. నీతో చెప్పానుగా.”

“చెప్పారు. నేనే... పదితో భాగించాను.”

“ఎందుకూ?”

“మీరేం చెప్పినా భాగిస్తాను మామయ్యగారూ. మీరు పట్టిన చేప లారీలో పట్టలేదన్నారు.”

“చేప సంగతి వేరు. మోటారు నిజం.”

“ఇది నిజమని ముందే చెప్పొద్దూ?”

“అన్నీ అలాగే చెప్తానుగా.”

“ఆ మోటారు ఫ్యాక్టరీ కింది నీళ్ళన్నీ ఇటు లాగేస్తోంది. సంతకం పెట్టుంటే ఆ మురుగే మన కుళాయిల్లో... సబ్బెందుకు? సబ్బు కింద పెట్టండి.”

“రుద్దితే పోతుందేమోనని.”

“పోకూడదు. మీరు నాతో మీటింగుకి రావాలి. ఇలాగే.”

“తువ్వాలుతోనా?”

“చొక్కా వేసుకోండి, ముఖం చాలు. కానీ మిమ్మల్నొక్కర్నే చూపిస్తే నమ్మరు. మీ చేప కథ అక్కడా తెలుసు. మీరే పూసుకొచ్చారంటారు. ఎన్నడూ గొప్పలు చెప్పని మనిషి ఇంకొకరు కావాలి.”

“అయితే వెళ్ళి మీ అత్తయ్య తలుపు కొట్టు. తెల్లజుట్టు కదా పాపం, నాకంటే ముందే తలస్నానం చేసింది.”