పావుకేజీ ఆవాలు

ఆ రోజు ఇంట్లో ముగ్గురమే ఉన్నాం: గదిలో అమ్మ, గడప మీద నేను, వసారాలో మంచం మీద నాయనమ్మ. నాన్న పిడుగురాళ్ల క్వారీలో పనికి పోయాడు. అమ్మకు క్యాన్సరని ఎడమ రొమ్ము తీసేసి ఐదు నెలలు. ఆమెలాంటి ఆడవాళ్ళు వాట్సాప్‌లో పెట్టుకున్న గ్రూపులో మాచర్ల సాబిరా ఆంటీ పంపే వాయిస్ మెసేజీలు నేనింట్లో ఉంటే అమ్మకు నేనే నొక్కి వినిపిస్తాను, లేనప్పుడు తనే నొక్కుకుంటుంది.

"మళ్ళీ పెట్టవే. ఎంత పొయ్యమందీ?"

"పావుకేజీ అందమ్మా. విను."

"హెప్సిబా, నేను సాబిరాని. సంచిలో బియ్యం పొయ్యమాక, పురుగు పడుద్ది. ఆవాలైతే చల్లగా, బరువుగా ఉంటయ్. మెత్తటి పాతచీర గుడ్డతో కుట్టుకో. లోపల పెట్టుకుంటే జాకెట్టు రెండువైపులా సమానంగా ఉంటది. మొదట్లో నేను మా పిల్లోడి సాక్సులు కుక్కుకుంటే, కూరగాయల బజార్లో జారి కింద పడినయ్!"

"అమ్మా, నవ్వుతున్నావా?"

"నవ్వక? సాక్సులంట!"

"ఏందే, అన్ని ఆవాలు? ఆవకాయకా?"

"కాదు నాయనమ్మా, అమ్మ లోపల పెట్టుకోటానికి. చీర కట్టుకుంటే తేడా తెలవకుండా."

"ఉన్నదాన్ని కోయించుకోని ఆవాలు పెట్టుకునేదేందే!"

"నువ్వు పడుకో అత్తా. ఏమే, సూదిలో దారం ఎక్కించు."

"ఎక్కిస్తాగానీ, నిన్న గుంటూరులో డాక్టరేమన్నాడు?"

"ఏమంటాడు? బలంగా తినమన్నాడు."

"మరి ఆ పరీక్ష..."

"దారం, దారం."

"అమ్మా."

"బానే ఉందన్నాడే! ఎన్నిసార్లు చెప్పాలి? ఆదివారం ఇది పెట్టుకోని చర్చిలో ముందు వరసలో కూర్చుంటా, చూడు."

"అయితే రా, కొలత చూస్తా."

"నువ్వు చూడమాక."

"ఐదు నెల్లనుంచీ ఇదే మాట. ఆ గ్రూపులోవాళ్ళకైతే ఫోటో కూడా పెట్టావుగా."

"వాళ్ళూ నాలాంటోళ్ళే."

"నేనేమో?"

"నువ్వు టెన్తు పరీక్షలు రాయాల్సినదానివి."

"ఇదిగో, మళ్ళీ వచ్చింది. సాబిరా ఆంటీనే."

"ఉండు, అది నేను తర్వాత వింటా. నొక్కమాక, నొక్క..."

"హెప్సిబా, పొద్దున నమాజులో నీ కోసమే దువా చేశా. కుడివైపు కూడా వచ్చిందన్నాడని మాకు చెప్పి, ఇంట్లో ఎన్నాళ్ళని దాస్తావు? చెప్పు తల్లీ. ఆ పిల్లకన్నా చెప్పు."

"అమ్మా... కుడివైపేంది?"

"ఫోనియ్యి."

"కుడివైపేందమ్మా? బానే ఉందన్నావుగా!"

"అరవమాక, నాయనమ్మ వింటది. ఫోనియ్యి ముందు."

"మొహం కూడా చూడనోళ్ళందరికీ చెప్పావు. నాకెందుకు చెప్పలా?"

"వాళ్ళ దగ్గరైతే నేను ఏడవొచ్చు. నీకు చెబితే నిన్ను ఊరుకోబెట్టాలి. ఇయ్యాల నాకంత ఓపిక లేదే. గడప మీంచి తప్పుకో, తలుపేసుకుంటా."