ప్రార్థన పుస్తకంలో బుల్లిరాజు పేరు

పొద్దున్న ఆరూ పది అయిందండి అప్పుడు. మంగళవారం. అరుగు మీద అద్దం ఆనించుకుని గడ్డం గీసుకుంటున్నాను. మీరు గుడి బీరువాలోంచి ఆ పాత నోటు పుస్తకం తీసుకొచ్చి, ‘పదకొండేళ్లపాటు ప్రతి శుక్రవారం ఈ పేరే ఉంది, ఈ బుల్లిరాజెవరండీ’ అని అడిగారు కాబట్టి అక్కణ్ణించే మొదలెడతాను. కూర్చోండి అయ్యగారూ. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు కూర్చోండి. మీరీ సంఘానికి పాస్టరుగా వచ్చి మూడు నెలలేగా, మీకు తెలీదు. ఆ రాత నాదేనండి. ‘బుల్లిరాజు మనసు మారాలి.’ అప్పట్లో నేను సంఘపెద్దని, ఎవరి కోసం ప్రార్థన చెయ్యాలో నేనే రాసేవాణ్ణి. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి చూశారా? మిషన్ స్కూల్లో బెత్తంతో నేర్పారు లెండి.

బుల్లిరాజు లారీ డ్రైవరు. కొవ్వూరు నుంచి ధాన్యం, ఊక, ఏది దొరికితే అది తోలేవాడు. పోయి ఇరవై ఏళ్లు దాటింది. నోరు మంచిది కాదు. గుడి గేటు బయట బీడీ కాలుస్తూ, ‘ఏవండీ పెద్దగారూ, మీ దేవుడికి నా పేరు ఈపాటికి బట్టీ వచ్చేసుంటుంది, ఇంక ఆపండి’ అనేవాడు. లోపలికి మాత్రం రాడు. లోపల వాళ్లక్క వీరమ్మ ఉండేది. ఆడవాళ్ల వైపు మూడో వరస, గోడ పక్కన, ఎప్పుడూ అదే చోటు. అక్క ఉన్న కప్పు కింద అడుగు పెట్టనని వాడి ఒట్టు. పిల్ల పోయిందండి. బుల్లిరాజు కూతురు కరుణ, ఐదేళ్లది. తల్లి పురిట్లోనే పోతే మేనత్తే పెంచింది. తొంభై ఒకటిలో దానికి మెదడువాపు జ్వరం వచ్చింది. వాడేమో లోడు వేసుకుని రాజమండ్రి వెళ్లాడు. ఇక్కడ శుక్రవారం ఉపవాస ప్రార్థన, పొద్దున్న పదింటి నుంచి మూడింటి దాకా. వీరమ్మ పిల్లని ఎత్తుకొచ్చి ఒళ్లో పెట్టుకుని ప్రార్థనలో కూర్చుంది. అయ్యాక, నాలుగింటికి కొవ్వూరు తీసుకెళ్తే, ‘పొద్దున్నే తేవాల్సిందమ్మా’ అన్నాట్ట డాక్టరు. ఊరంతా అదే మాట. ‘ప్రార్థన ప్రార్థనంటూ పిల్లని పొట్టన పెట్టుకుంది’ అన్నారు. వాడూ అదే నమ్మాడు. వీరమ్మ ఒక్కనాడూ నోరు విప్పలేదు.

ఎక్కడున్నాను? ఆ, గడ్డం. అంటే పిల్ల పోయిన పదకొండేళ్లకి. బుల్లిరాజొచ్చి మెట్టు కింద నిలబడ్డాడు. తుండుగుడ్డ భుజాన వేసుకుని, మొహం కడుక్కుని, తల దువ్వుకుని. ‘పెద్దగారూ, అక్కకి షుగరు ముదిరి కాలు తీసేశారటగా. రాత్రంతా నిద్ర పట్టలేదు. నాకింక మొయ్యబుద్ధి కావట్లేదండి. వెళ్లి పలకరిస్తాను. ఒక్కణ్ణే వెళ్తే నోరు జారతాను, మీరు తోడు రండి’ అన్నాడు. పదకొండేళ్లు మేం అడిగింది నా గుమ్మంలోకొచ్చి నిలబడింది అయ్యగారూ. స్తోత్రం అనాలి కదా నేను? బ్లేడు దిగింది. ఇక్కడ, దవడ కింద. ఈ మచ్చ అదే. సబ్బు నురగ ఎర్రగా అయింది. ‘ఏంటండీ, అంత ఉలిక్కిపడ్డారు?’ అన్నాడు. ‘ఏం లేదు. తొందరెందుకు బుల్లిరాజూ, ఈస్టరు ఐదు వారాల్లో ఉంది. ఆవేళ సంఘమంతటి ముందూ అక్కాతమ్ముళ్లు కలిసి ప్రభువు బల్ల దగ్గరకొచ్చి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుందురుగాని. పద్ధతిగా ఉంటుంది’ అన్నాను. వాడు నా చెయ్యి వంకే చూస్తున్నాడు, ఆగమన్నట్టు గాల్లోకి లేచి ఉంది. ‘పద్ధతి’ అన్నాడు. అని వెళ్లిపోయాడు.

ఎందుకు ఆపానా? చెప్తాను, ఆగండి. ఇది మా ఆవిడక్కూడా చెప్పలేదు. పిల్లకి జ్వరమొచ్చిన ఆ శుక్రవారం, ప్రార్థన మధ్యలో వీరమ్మ లేచిందండి. పదకొండున్నరకి. పిల్ల కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే భుజాన వేసుకుని తలుపు దాకా వచ్చింది. బయట రిక్షా ఉంది. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు, నేనొక్కణ్ణే తెరిచాను. ప్రార్థన మధ్యలో లేచిపోతే విశ్వాసం లేనట్టేనని అంతకుముందు వారమే గట్టిగా చెప్పి ఉన్నాను. చేత్తో ఇలా అన్నాను. ఇదిగో, ఇంతే. కూర్చోమని. నోటితో అన్నది కూడా కాదు. నా మొహం చూసింది. తిరిగెళ్లి కూర్చుంది. మొన్నాదివారం మీరు అడిగారు చూడండి, ‘నిజంగా మార్పు కావాలనుకునేవాళ్లు చేతులెత్తండి’ అని? అందరికంటే ముందు ఎత్తింది నేనే. డెబ్భై తొమ్మిదేళ్ల చెయ్యండీ, అలవాటు మీద లేస్తుంది. ఎన్ని కూడికల్లో లేచిందో. బుల్లిరాజు మనసు మారాలంటే నేనొక్క మాట చెబితే సరిపోయేది, దేవుడి దాకా వెళ్లక్కర్లేదు. నేను పుస్తకంలో రాశాను.

బుల్లిరాజు నా దగ్గరకొచ్చిన ఆ వారం, శనివారమే వీరమ్మ పోయింది. ఈస్టరు దాకా ఎక్కడుంటుంది, ఒంట్లో విషం పాకేసింది. ఆదివారం సమాధి. అందరం తలా పిడికెడు మట్టి వేశాం. బుల్లిరాజు రోడ్డు మీదే లారీకి ఆనుకుని నిలబడ్డాడు, మట్టి వెయ్యడానికి రాలేదు. ‘చూశారా, ఎంత కఠినుడో’ అన్నారెవరో. నేనూ తలూపాను. ఆ పై శుక్రవారం మళ్లీ రాశాను. చూడండి, చివరి పేజీ, అదే వాక్యం. ఆ తర్వాత పేజీలు ఖాళీగా ఉన్నాయేంటని కదా మీరు అడగబోతున్నారు? తర్వాతి బుధవారం వీరమ్మ కోడలు దీనమ్మ వాళ్లత్త పాటల పుస్తకం గుడికి ఇచ్చేద్దామని మా ఇంటికి తెచ్చింది. ఇచ్చి, వెళ్లబోతూ చెప్పింది. ఆ మంగళవారం నా గుమ్మంలోంచి వాడు తిన్నగా వాళ్లింటికే వెళ్లాట్ట. ఆరున్నరకి. దీనమ్మ వాకిలి ఊడుస్తోందట. మంచినీళ్లిస్తే పుచ్చుకోలేదట. మంచం పక్కన నిలబడి, ‘ఆవేళ నిన్ను కూర్చోమంది ఎవరక్కా?’ అని ఒక్క మాట అడిగాట్ట. వీరమ్మ గోడ వైపు తిరిగి, ‘ఎవరూ అన్లేదురా, నేనే కూర్చున్నాను’ అందట.