బాసియా కోడి, జపాన్ నోట్లు

ఫిలిప్పీన్స్, శాన్ పాబ్లో సంత. జపాన్ వాళ్ళొచ్చిన మూడో ఏడు. కోళ్ళమ్మే బాసియా, కొనడానికొచ్చిన ఉపెంగ్.

"ఆ సంచీ ఇక్కడ దించకు, ఉపెంగక్కా. నువ్వు తేలేదు, నేను చూళ్ళేదు."

"నిండా జపాన్ వాళ్ళ వంద పెసోల నోట్లేనే, బాసియా. ఆ తెల్ల పెట్టనిచ్చెయ్."

"ఏ పెట్ట?"

"నీ ఒళ్ళో ఉన్నది."

"ఇదా? దీనికి ఒంట్లో బాలేదు."

"ఇందాకట్నుంచీ నీ వేలు పొడుస్తోందిగా!"

"అదే దాని జబ్బు."

"వేళాకోళం కాదే. నిన్న మా అమ్మాయి లూమెన్‌కి ఆడపిల్ల పుట్టింది. చుక్క పాలు పడలేదు. పచ్చి బొప్పాయి ఉంది, మునగాకు ఉంది. కోడి వేసి పులుసు కాచిస్తే గానీ..."

"అయ్యో తల్లీ! పిల్ల ఏడుస్తోందా?"

"ఏడ్చే ఓపిక కూడా లేదు."

"గుప్పెడు ఉప్పు తెచ్చినా ఇద్దునక్కా. ఈ కాగితాలేం చేసుకోను? ఒక్కదాని మీదా నంబరు లేదు. ఎన్ని అచ్చేశాడో అచ్చేసినవాడికే తెలీదు."

"మెల్లిగా! ఆ పోలీసు వింటాడు. నోటు చెల్లదన్నందుకే చేపలామెని లాక్కెళ్ళారు. ఇంకా ఇల్లు చేరలేదు."

"చెల్లదని నేనన్నానా? బ్రహ్మాండమైన నోట్లు. నిన్న గంప అడుగున పరిచా. కోళ్ళకి ఎంత నచ్చాయో, పొద్దున్నే చూడాలి నువ్వు..."

"ఆపవే! ఇటే వస్తున్నాడు."

"ఏమ్మా కోళ్ళామే? నోట్లు తీసుకోనంటున్నావా?"

"అయ్యయ్యో, లేదు సార్! జపాన్ డబ్బంటే నాకు ప్రాణం. కోడే... ఈ కోడే అమ్మడానిక్కాదు."

"మరి సంతకెందుకు తెచ్చావ్?"

"కానుక సార్. జ్ఞానస్నానానికి. చర్చిలో బిడ్డనెత్తుకునే జ్ఞానతల్లిని నేనే. ఇటునుంచిటే ఆ ఇంటికి వెళదామనీ..."

"ఎవరి బిడ్డకి?"

"బిడ్డ... బిడ్డంటే సార్..."

"చెప్తావా, ఠాణాకి పదమంటావా?"

"చెప్పవే బాసియా, సిగ్గెందుకు? మా మనవరాలికే సార్. ఆదివారమే చర్చిలో. బాలింత తినాలని కోడి ముందే ఇచ్చేస్తానంది, మహాతల్లి."

"మరి ఈ నోట్ల సంచీ?"

"జ్ఞానతల్లి కొత్త బట్టలు కుట్టించుకోవద్దూ? అందుకని తెచ్చా. మొహమాటపడి వద్దంటోంది. మీరైనా తీసుకోమని గట్టిగా చెప్పండి సార్. ఊఁ, కోడినిటివ్వు."